మనోభౌతిక శాస్త్రం: ఇంద్రియ గ్రహణాన్ని కొలిచే పద్ధతులు

వెలుగు, చప్పుడు, బరువు, రుచి, స్పర్శ వంటి భౌతిక ఉద్దీపనలకూ, అవి మనిషిలో కలిగించే అనుభవానికీ ఉన్న సంబంధాన్ని అంకెల్లో కొలిచే మనోవిజ్ఞాన శాఖను మనోభౌతిక శాస్త్రం అంటారు. ఇంగ్లీషులో దీని పేరు సైకోఫిజిక్స్. ఉద్దీపన ఎంత ఉంటే మనిషి దాన్ని పసిగట్టగలడు, రెండు ఉద్దీపనల మధ్య ఎంత తేడా ఉంటే గుర్తించగలడు, ఉద్దీపన పెరిగేకొద్దీ అనుభవం ఏ లెక్కన పెరుగుతుంది అన్నవి దీని మూల ప్రశ్నలు.

ఈ కొలతలో ఒక చిక్కు మొదటినుంచీ ఉంది. ఉద్దీపనను తక్కెడతోనో కాంతిమాపకంతోనో కొలవవచ్చు. అనుభవాన్ని నేరుగా కొలిచే పరికరం లేదు. ప్రయోగకర్త చేతికి అందేది ఎదుటి మనిషి ఇచ్చే జవాబు మాత్రమే: ‘కనిపించింది’, ‘వినపడలేదు’, ‘ఇది దానికన్నా బరువు’. ఆ జవాబులో ఇంద్రియం పాలు ఎంత, ఆ మనిషి జాగ్రత్త, తొందర, ఆశ, భయాల పాలు ఎంత అని విడదీయడానికి జరిగిన ప్రయత్నాలే ఈ శాస్త్ర చరిత్రలో ఎక్కువ భాగం.

పూర్వరంగం

మనిషి చూపులో, తీర్పులో తేడాలు ఉంటాయన్న సంగతి మనోవిజ్ఞానం కన్నా ముందు ఖగోళశాస్త్రాన్ని ఇబ్బంది పెట్టింది. 1796లో గ్రీనిచ్ వేధశాల అధిపతి నెవిల్ మాస్కెలిన్, నక్షత్రాలు దూరదర్శినిలోని తీగను దాటే వేళను తన సహాయకుడు డేవిడ్ కిన్నెబ్రూక్ సుమారు 0.8 సెకను ఆలస్యంగా నమోదు చేస్తున్నాడని గమనించి, అతణ్ని ఉద్యోగం నుంచి తొలగించాడు. తర్వాత కొన్నేళ్లకు జర్మన్ ఖగోళవేత్త బెసెల్ ఈ ఉదంతాన్ని చదివి, అనుభవజ్ఞులైన పరిశీలకుల మధ్య కూడా ఇలాంటి తేడా స్థిరంగా ఉంటుందని చూపించాడు. దీనికి ‘వ్యక్తి సమీకరణం’ అనే పేరు నిలిచింది. కిన్నెబ్రూక్ అలసత్వం అనుకున్నది నిజానికి మానవ గ్రహణ లక్షణమని తేలింది.

అంతకుముందే ఫ్రెంచి శాస్త్రవేత్త పియేర్ బుగే కొవ్వొత్తుల నీడలతో చేసిన ప్రయోగాల్లో, వెలుగు సుమారు అరవై నాలుగో వంతు మారితేనే కన్ను తేడాను పసిగడుతుందని గుర్తించాడు. ఆ ఫలితం ఆయన మరణానంతరం 1760లో వచ్చిన కాంతిశాస్త్ర గ్రంథంలో ఉంది.

వెబర్ నియమం

లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ, శరీర ధర్మ శాస్త్రాలు బోధించిన ఎర్న్‌స్ట్ హైన్రిష్ వెబర్ (1795–1878) స్పర్శ మీద పనిచేశాడు. వృత్తలేఖిని రెండు మొనలను చర్మానికి ఆనించి, అవి ఎంత ఎడంగా ఉంటే రెండుగా తెలుస్తాయో శరీరమంతటా కొలిచాడు. వేలి కొసన ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడం చాలు. వీపు మీద నాలుగు సెంటీమీటర్ల ఎడం ఉన్నా రెండు మొనలూ ఒక్కటిగానే అనిపించవచ్చు.

1834లో ప్రచురించిన లాటిన్ గ్రంథంలో ఆయన బరువుల పోలికను వివరించాడు. మనిషి గుర్తించేది బరువుల మధ్య ఉన్న తేడాను కాదు, ఆ తేడా మొత్తం బరువులో ఎన్నో వంతు అన్నదాన్ని. ఇదే వెబర్ నియమం. కిలో కూరల సంచిలో 20 గ్రాములు పెరిగితే చేతికి తెలిసే మనిషికి, పది కిలోల బియ్యం సంచిలో అదే 20 గ్రాములు పెరిగితే తెలియదు. అక్కడ దాదాపు 200 గ్రాములు పెరగాలి. అలా గుర్తించగల అతి తక్కువ తేడాను ‘కనీస గ్రాహ్య భేదం’ అనీ, అది మూల ఉద్దీపనలో ఎన్నో వంతో దాన్ని ‘వెబర్ భిన్నం’ అనీ అంటారు. బరువును ఊరికే అరచేతిలో పెట్టించుకున్నప్పటికన్నా చేత్తో ఎత్తి చూసినప్పుడు తేడా బాగా తెలుస్తుందని కూడా వెబర్ గమనించాడు. చర్మంతో పాటు కండరాలు కూడా సమాచారం అందిస్తాయి కాబట్టి అలా జరుగుతుంది.

ఇరవయ్యో శతాబ్దపు కొలతల్లో ఎత్తిన బరువుకు ఈ భిన్నం సుమారు 2 శాతం, గీత పొడవుకు 3 శాతం, శబ్ద తీవ్రతకు 5 శాతం, ఉప్పదనానికి, కాంతికి 8 శాతం దాకా తేలింది. ఇవి కొలిచిన పరిస్థితులను బట్టి మారుతాయి. నియమం కూడా అన్ని చోట్లా నిలవదు. ఉద్దీపన మరీ బలహీనంగా ఉన్నప్పుడు భిన్నం బాగా పెరిగిపోతుంది. ఒకే పౌనఃపున్యం ఉన్న శుద్ధ స్వరాల విషయంలో తీవ్రత పెరిగేకొద్దీ భిన్నం కొద్దికొద్దిగా తగ్గుతుంది.

ఫెక్నర్, శాస్త్ర స్థాపన

గుస్తావ్ తియోడోర్ ఫెక్నర్ (1801–1887) అదే లైప్‌జిగ్‌లో భౌతికశాస్త్ర ఆచార్యుడు. కంట్లో మిగిలే ప్రతిబింబాలను పరిశోధించడానికి రంగు అద్దాల్లోంచి సూర్యుణ్ని చూస్తూ చూపును తీవ్రంగా దెబ్బతీసుకున్నాడు. పదవి వదిలి, వెలుగు భరించలేక, కొన్నేళ్లు చీకటి గదిలో గడిపి 1843లో కోలుకున్నాడు. తర్వాత ఆయన దృష్టి మనసుకూ పదార్థానికీ ఉన్న సంబంధం మీదికి మళ్లింది. 1850 అక్టోబర్ 22 ఉదయం, మంచం మీద ఉండగానే, ఆ సంబంధాన్ని గణిత సమీకరణంగా రాయవచ్చన్న ఆలోచన తట్టిందని ఆయనే నమోదు చేసుకున్నాడు. మనోభౌతిక శాస్త్రజ్ఞులు ఆ తేదీని నేటికీ ఫెక్నర్ దినంగా జరుపుకుంటారు. ఆయన గ్రంథం ‘ఎలిమెంటె డెర్ సైకోఫిజిక్’ 1860లో రెండు సంపుటాలుగా వెలువడింది.

ఫెక్నర్ వాదం ఇది: అనుభవాన్ని సూటిగా కొలవలేకపోయినా, కనీస గ్రాహ్య భేదాన్ని దాని కొలమానంగా తీసుకోవచ్చు. అలాంటి ప్రతి భేదమూ అనుభవంలో ఒకే ఎత్తున్న ఒక మెట్టు అనుకుంటే, వెబర్ నియమం ప్రకారం ఉద్దీపన గుణశ్రేఢిలో పెరుగుతుంటే అనుభవం అంకశ్రేఢిలో పెరుగుతుంది. అంటే అనుభవం ఉద్దీపన సంవర్గమానానికి, అంటే లాగరిథమ్‌కు, అనులోమంగా ఉంటుంది. నక్షత్రాల ప్రకాశ తరగతులు దీనికి ఒక ఉదాహరణ. ప్రాచీనులు కంటికి తోచినట్లు ఒకటి నుంచి ఆరు దాకా సమాన తరగతులు చేశారు. కొలిచి చూస్తే మొదటి తరగతికీ ఆరో తరగతికీ మధ్య వెలుగు తేడా సుమారు వంద రెట్లు. చప్పుడును డెసిబెళ్లలో చెప్పే పద్ధతి కూడా సంవర్గమాన కొలతే.

మెట్లన్నీ ఒకే ఎత్తున ఉంటాయన్న ఊహకు రుజువు లేదన్న విమర్శ ఫెక్నర్ జీవితకాలంలోనే మొదలైంది. ఆయన సమీకరణం కన్నా ఆయన స్థిరపరచిన ప్రయోగ పద్ధతులకు ఆయుర్దాయం ఎక్కువైంది. 1879లో విల్‌హెల్మ్ వుంట్ లైప్‌జిగ్‌లోనే నెలకొల్పిన మనోవిజ్ఞాన ప్రయోగశాల ఆ పద్ధతుల ఆధారంగానే పనిచేసింది. మన దేశంలో ప్రయోగాత్మక మనోవిజ్ఞానం 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో, ఎన్.ఎన్. సేన్‌గుప్తా నాయకత్వంలో మొదలైంది.

అవధులు, వాటిని కనుక్కునే సంప్రదాయ పద్ధతులు

ఉద్దీపన ఉన్నదీ లేనిదీ తెలిసే హద్దును నిరపేక్ష అవధి అంటారు. రెండు ఉద్దీపనల తేడా తెలిసే హద్దు భేద అవధి. ఈ భావనకు వాడిన లాటిన్ మాట ‘లిమెన్’ అర్థం గడప. ఉద్దీపన గడప దాటితేనే స్పృహలోకి వస్తుందన్నది తొలి ఊహ.

హద్దుల పద్ధతిలో చప్పుడును వినపడని స్థాయి నుంచి మెల్లగా పెంచుతూ ఎప్పుడు వినపడిందో, వినపడే స్థాయి నుంచి తగ్గిస్తూ ఎప్పుడు ఆగిందో గుర్తించి, ఆ రెంటి సగటును తీసుకుంటారు. త్వరగా పూర్తవుతుంది. అయితే వరసగా ‘లేదు, లేదు’ అంటూ వచ్చిన మనిషి వినపడ్డాక కూడా అలవాటుగా ‘లేదు’ అనవచ్చు. లేదా ఇక వచ్చే వేళయిందని ముందే ‘ఉంది’ అనవచ్చు. మొదటిది అలవాటు దోషం, రెండోది ముందస్తు ఊహ దోషం. సర్దుబాటు పద్ధతిలో పాల్గొనే వ్యక్తే మీట తిప్పి రెండు వెలుగులను సమానం చేస్తాడు.

స్థిర ఉద్దీపనల పద్ధతి శ్రమతో కూడినది, కానీ నమ్మదగినది. ముందే ఎంచుకున్న ఐదు నుంచి తొమ్మిది స్థాయిలను క్రమం లేకుండా కలిపి, ఒక్కోదాన్ని ఎన్నోసార్లు చూపిస్తారు. ఒక్కో స్థాయిలో ఎంత శాతం ‘ఉంది’ జవాబులు వచ్చాయో గీస్తే, పడుకోబెట్టిన ‘ఎస్’ ఆకారంలో ఒక రేఖ వస్తుంది. దీని పేరు మనోమాపన వక్రం. సగం సార్లు గుర్తించిన స్థాయిని అవధి అనడం ఒక ఒప్పందం మాత్రమే, ఎందుకంటే వక్రంలో ఎక్కడా నిట్టనిలువు గడప కనిపించదు. ఒకే వెలుగు ఒకే మనిషికి ఒకసారి కనిపించి మరోసారి కనిపించకుండా పోతుంది. నాడీ వ్యవస్థలోని సహజమైన ఒడిదుడుకులు అందుకు ఒక కారణం.

గడప భావనకు గట్టి దెబ్బ 1884లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. చార్లెస్ పర్స్, జోసెఫ్ జాస్ట్రో చాలా దగ్గరగా ఉన్న ఒత్తిడులను పోల్చే ప్రయోగం చేశారు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది పేకముక్కలు కలిపి నిర్ణయించారు. యాదృచ్ఛిక క్రమాన్ని ప్రయోగ రూపకల్పనలో పద్ధతి ప్రకారం వాడిన తొలి ఉదాహరణల్లో ఇది ఒకటి. తమకు ఏ నమ్మకమూ లేదని, కేవలం ఊహించి చెబుతున్నామని అన్నప్పుడు కూడా ఐదింట మూడు సార్లు జవాబు సరిగ్గా వచ్చింది. తెలియదని మనిషి అనుకున్న చోట కూడా కొంత సమాచారం అందుతోందన్నమాట. ఈ ప్రయోగానికి దక్కాల్సిన గుర్తింపు చాలా ఆలస్యంగా దక్కింది.

సంకేత గుర్తింపు సిద్ధాంతం

రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర ముందు కూర్చున్న సైనికుడి సమస్య ఇది: తెర మీద మెరిసిన చుక్క శత్రు విమానమా, ఊరికే వచ్చిన అలజడా? రెంటినీ విడదీయడానికి ఇంజనీర్లు సంభావ్యతా గణితాన్ని పెంపొందించారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పీటర్సన్, బర్డ్‌సాల్, ఫాక్స్ 1954లో ఆ గణితాన్ని సిద్ధాంతంగా కూర్చగా, అదే ఏడు టానర్, స్వెట్స్ దాన్ని మానవ దృష్టికి అన్వయించారు. 1966లో గ్రీన్, స్వెట్స్ రాసిన గ్రంథంతో ఈ సిద్ధాంతం స్థిరపడింది.

దీని ప్రకారం ఇంద్రియ వ్యవస్థలో సంకేతం లేనప్పుడు కూడా ఎంతో కొంత అలజడి ఉంటుంది. సంకేతం వచ్చినప్పుడు అది అలజడితో కలిసి అందుతుంది. లోపలి స్పందన ఒక స్థాయిని మించితే మనిషి ‘ఉంది’ అంటాడు. ఆ స్థాయే నిర్ణయ ప్రమాణం. దాన్ని మనిషి పైకీ కిందికీ జరుపుకోగలడు. అందుకే ప్రయోగంలో కొన్నిసార్లు సంకేతం ఇవ్వకుండా ఖాళీగా వదిలేయడం తప్పనిసరి. జవాబులు నాలుగు రకాలు. ఉన్నదాన్ని ఉందనడం సరైన గుర్తింపు, ఉన్నదాన్ని లేదనడం విస్మరణ, లేనిదాన్ని ఉందనడం తప్పుడు హెచ్చరిక, లేనిదాన్ని లేదనడం సరైన నిరాకరణ.

ఒక ఉదాహరణ. మొదటి వ్యక్తి సంకేతం ఉన్నప్పుడు 84 శాతం సార్లు గుర్తించి, లేనప్పుడు 16 శాతం సార్లు పొరపాటుగా ఉందన్నాడు. రెండో వ్యక్తి 50 శాతమే గుర్తించినా, పొరపాటుగా ఉందన్నది 2 శాతం మాత్రమే. పాత పద్ధతి రెండో మనిషి ఇంద్రియం మందమని తేల్చేది. సరైన గుర్తింపుల, తప్పుడు హెచ్చరికల శాతాలను ప్రామాణిక విచలన ప్రమాణంలోకి మార్చి, మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసివేస్తే వచ్చే ‘డీ ప్రైమ్’ విలువ ఇద్దరికీ సుమారు 2. ఇద్దరి ఇంద్రియాలూ దాదాపు ఒకే చురుకుదనంతో ఉన్నాయి. తేడా అంతా రెండో వ్యక్తి పెట్టుకున్న కఠినమైన నిర్ణయ ప్రమాణంలో ఉంది.

ప్రమాణాన్ని మారుస్తూ పోతే గుర్తింపుల, తప్పుడు హెచ్చరికల జంటలు ఒక వక్రం మీద పడతాయి. దీన్ని ఆర్‌ఓసీ రేఖ అంటారు. దాని కింది వైశాల్యం 0.5 అయితే జవాబులు నాణెం ఎగరేసినట్టే, 1 అయితే గుర్తింపు సంపూర్ణం. ఎక్స్‌రే చదివే వైద్యుల నైపుణ్యాన్నీ, రోగ నిర్ధారణ పరీక్షలనూ పోల్చడానికి ఇప్పుడు ఇదే కొలమానం.

నిర్ణయ ప్రమాణం ప్రభావాన్ని తగ్గించే మరో దారి బలవంతపు ఎంపిక. ‘ఉందా, లేదా’ అని అడగకుండా, ‘రెండు విరామాల్లో దేనిలో ఉంది’ అని అడుగుతారు. ఊహించి చెప్పినా సగం సరిపోతాయి కాబట్టి 75 శాతం సరైన జవాబుల స్థాయిని సాధారణంగా అవధిగా తీసుకుంటారు.

అనుకూలక పద్ధతులు

ప్రతి జవాబును బట్టి తర్వాతి ఉద్దీపనను మార్చే పద్ధతులు సమయాన్ని ఆదా చేస్తాయి. గేయార్గ్ ఫాన్ బెకెషి 1947లో వర్ణించిన వినికిడి యంత్రంలో, చప్పుడు వినపడినంతసేపూ రోగి మీట నొక్కి ఉంచితే అది తగ్గుతుంది. వదిలితే పెరుగుతుంది. మెట్ల పద్ధతిలో సరైన జవాబుకు ఉద్దీపనను ఒక మెట్టు దించి, తప్పుకు ఒక మెట్టు ఎక్కిస్తారు. వరసగా రెండు సరైన జవాబులకు దించి, ఒక తప్పుకు ఎక్కిస్తే కొలత 70.7 శాతం స్థాయి దగ్గర నిలుస్తుందని లెవిట్ 1971లో చూపాడు. వాట్సన్, పెల్లీ 1983లో ప్రచురించిన క్వెస్ట్ పద్ధతి, అప్పటిదాకా వచ్చిన జవాబులన్నిటినీ కలిపి తర్వాతి స్థాయిని సంభావ్యతతో ఎంచుకుంటుంది.

కంటి అంతిమ సామర్థ్యం

నిరపేక్ష అవధి మీద జరిగిన పనిలో 1942 నాటి హెక్ట్, ష్లేర్, పిరెన్ ప్రయోగం మిన్న. కొలంబియా విశ్వవిద్యాలయంలో వారు పాల్గొన్నవారిని చాలాసేపు చీకట్లో ఉంచి, కంటి వెనక పొర అయిన రెటీనా నడిమి నుంచి 20 డిగ్రీల పక్కన, మసక వెలుగును గ్రహించే రాడ్ కణాలు దట్టంగా ఉండే చోట, సెకనులో వెయ్యో వంతు కాలం 510 నానోమీటర్ల ఆకుపచ్చ మెరుపును పంపారు. 60 శాతం సార్లు కనిపించడానికి కంటి ఉపరితలాన్ని 54 నుంచి 148 ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, చేరాల్సి వచ్చింది. కంటి పైపొర వెనక్కి పంపే కాంతినీ, లోపలి ద్రవాల్లో పోయే కాంతినీ, రెటీనాలో పట్టుబడకుండా దాటిపోయే కాంతినీ తీసివేస్తే రాడ్ కణాలు గ్రహించేవి 5 నుంచి 14 ఫోటాన్లే. అవి దాదాపు 500 కణాల మీద పడతాయి కనుక ఒకే కణానికి రెండు అందే అవకాశం చాలా తక్కువ. ఒక్క ఫోటాన్‌కే రాడ్ కణం స్పందిస్తుందన్న ఈ నిర్ణయాన్ని, ఏ కణాన్నీ విడిగా తాకకుండా, ‘కనిపించింది’, ‘కనిపించలేదు’ అన్న జవాబుల నుంచే రాబట్టారు. తర్వాతి శరీర ధర్మ పరిశోధన దాన్ని ధ్రువపరచింది.

అవధికి కొంత కారణం కంటిలోని సొంత అలజడేనని బార్లో 1956లో వాదించాడు. 2016లో వియన్నా పరిశోధకులు బలవంతపు ఎంపికతో ఒక్కో ఫోటాన్‌ను పంపి చూశారు. సరైన జవాబులు మొత్తం మీద 51.6 శాతం, గట్టి నమ్మకంతో చెప్పినప్పుడు 60 శాతం. తేడా చిన్నదే అయినా యాదృచ్ఛికత కన్నా ఎక్కువ.

చీకటి రాత్రి కొవ్వొత్తి వెలుగు 48 కిలోమీటర్ల దూరానికి కనిపిస్తుందని చాలా పాఠ్యపుస్తకాలు రాస్తాయి. నక్షత్రాల ప్రకాశంతో పోల్చి 2015లో ఇద్దరు ఖగోళవేత్తలు చేసిన లెక్కలో ఆ దూరం సుమారు 2.6 కిలోమీటర్లేనని తేలింది. పాత అంకెను ఇకనైనా పుస్తకాల నుంచి తీసివేయడం మంచిది.

అనుభవ పరిమాణం: స్టీవెన్స్ ఘాత నియమం

హార్వర్డ్‌లో ఎస్.ఎస్. స్టీవెన్స్ 1950లలో కనీస భేదాల మెట్లను పక్కనపెట్టి, మనుషులనే అంకెలు చెప్పమన్నాడు. ఒక వెలుగును 10 అనుకుంటే తర్వాతిది ఎంత? దీని పేరు పరిమాణ అంచనా. ఫలితాలు అనుభవం ఉద్దీపనకు ఒక ఘాతంగా పెరుగుతుందని చూపాయి. ఆ ఘాతాంకం కాంతికి సుమారు 0.33, శబ్ద పీడనానికి 0.67, గీత పొడవుకు 1, బరువుకు 1.45, చర్మానికి తగిలే విద్యుత్ షాక్‌కు 3.5. వెలుగు రెట్టింపుగా అనిపించాలంటే కాంతిని ఎనిమిది రెట్లు చేయాలి. షాక్ విషయంలో విద్యుత్తు రెట్టింపైతే బాధ సుమారు పదకొండు రెట్లవుతుంది. ఫెక్నర్‌ను గౌరవిస్తూనే ఆయన నియమాన్ని రద్దు చేయాలని 1961లో స్టీవెన్స్ రాశాడు. మనుషులు అంకెలను వాడే తీరు కూడా ఈ ఫలితాల్లో కలిసిపోతుందన్న అభ్యంతరం ఇప్పటికీ ఉంది. రెండు నియమాల వివాదం పూర్తిగా తేలలేదు.

అప్రమత్తత, అరుదైన సంకేతాలు

రాడార్ కాపలాదారులు కొంతసేపటికి సంకేతాలను ఎందుకు వదిలేస్తారో తెలుసుకోవడానికి నార్మన్ మాక్‌వర్త్ గడియారం లాంటి పరికరాన్ని వాడాడు. దాని ముల్లు అప్పుడప్పుడు మాత్రమే రెండు అంగలు వేస్తుంది. దాన్ని గుర్తించాలి. రెండు గంటల పరీక్షలో మొదటి అరగంట దాటాక గుర్తింపు స్పష్టంగా తగ్గిందని 1948లో ప్రచురించాడు. 2005లో వుల్ఫ్, సహచరులు మరో కోణం చూపారు. వెతికే వస్తువు సగం చిత్రాల్లో ఉన్నప్పుడు 7 శాతం సార్లు వదిలేసినవారు, అది నూటికి ఒక చిత్రంలోనే ఉన్నప్పుడు 30 శాతం సార్లు వదిలేశారు. విమానాశ్రయ తనిఖీలోనూ, క్యాన్సర్ పరీక్షా చిత్రాలు చదవడంలోనూ సంకేతం అరుదు కాబట్టి ఈ ఫలితం ప్రాణాలతో ముడిపడినది.

వినియోగాలు

వినికిడి పరీక్షలో స్వరం వినపడితే 10 డెసిబెళ్లు దించి, వినపడకపోతే 5 డెసిబెళ్లు పెంచుతూ అవధిని పట్టుకుంటారు. ఇది మెట్ల పద్ధతికి దగ్గరిది. సున్నా డెసిబెళ్లంటే నిశ్శబ్దం కాదు, ఆరోగ్యవంతులైన యువత సగటు అవధి. మాటల వినికిడిని పరీక్షించడానికి రోగి మాతృభాషా పదాలే కావాలి. తెలుగు మాట్లాడే వ్యక్తికి ఇంగ్లీషు పదాలతో పరీక్ష పెడితే చెవితో పాటు భాషా జ్ఞానం కూడా కొలతలో చేరుతుంది. కంటి ఆసుపత్రుల్లోని అక్షరాల పలక 1862లో స్నెలెన్ రూపొందించినదానికి వారసురాలు. 6/6 చూపు ఉన్న మనిషి ఆరు మీటర్ల దూరం నుంచి డిగ్రీలో అరవయ్యో వంతు కోణం చేసే వివరాన్ని పోల్చుకోగలడు.

మిరప కారం కొలత తెలుగువారికి దగ్గరి ఉదాహరణ. గుంటూరు మిర్చి కారాన్ని చెప్పే స్కోవిల్ యూనిట్లు పుట్టింది నాలుక అవధి నుంచే. 1912లో అమెరికన్ ఔషధ నిపుణుడు విల్బర్ స్కోవిల్ ఎండుమిర్చి సారాన్ని ఆల్కహాల్‌లో దించి, కారం తెలియకుండా పోయేదాకా చక్కెర నీళ్లతో పలచన చేస్తూ రుచి చూసేవారికి ఇచ్చాడు. ఎన్ని రెట్లు పలచన చేయాల్సి వచ్చిందో అన్ని యూనిట్లు. అయితే కారం తిన్న నాలుక కాసేపు మొద్దుబారుతుంది. రెండో నమూనా మొదటిదానికన్నా చప్పగా తోస్తుంది. ఒక్కొక్కరి నాలుక అవధీ వేరు. అందువల్ల ఇప్పుడు మిర్చికి కారాన్నిచ్చే కాప్సైసిన్, దాని సంబంధిత పదార్థాలను ప్రయోగశాలలో ద్రవ క్రోమటోగ్రఫీతో కొలిచి, ఆ విలువను స్కోవిల్ యూనిట్లలోకి మారుస్తున్నారు.